మాత్ర వేసిన మర్నాడు

గోమార్ల మందు పడ్డాక కుక్కకు ఏదో అయిందన్న అనుమానం వస్తే కొట్టిపారేయొద్దు, వెంటనే నమ్మేయొద్దు. ముందు రాసిపెట్టండి.

"డాక్టర్ గారూ, రాత్రి గోమార్ల మాత్ర వేశామండీ. తెల్లారేసరికి కాళ్లు కొట్టుకుంటూ పడిపోయింది. నోట్లోంచి నురగ కూడా వచ్చింది."

"మాత్ర వల్ల అయ్యుండదమ్మా. ఎన్ని కుక్కలకు వేశాం, దేనికీ ఏమీ కాలేదు. ముందు రక్తపరీక్ష చేయిద్దాం."

పెంపుడు కుక్కల ఆసుపత్రుల్లో ఇలాంటి సంభాషణ కొత్త కాదు. అన్ని కుక్కలకూ ఫిట్స్ దాకా రాదు. కొన్నిటికి నాలుగు వాంతులవుతాయి, కొన్ని రెండు రోజులు గిన్నె వైపు చూడవు, కొన్ని నడుస్తూ నడుస్తూ తూలుతాయి. ఇంటికెళ్లాక పక్కింటివాళ్లో, కుక్కలు పెంచే స్నేహితులో ఇంకో మాట చెబుతారు: "ఆ మాత్ర విషం, మా దానికీ అలాగే అయింది, ఇక వేయకండి." డాక్టరు మాటలో అనుభవం ఉంది, స్నేహితుడి మాటలో బాధ ఉంది. అయినా ఆ కుక్కకు నిజంగా ఏమైందో ఈ రెంటిలో ఏదీ చెప్పదు. నెల తిరిగేసరికి ఆ సంగతి ఎక్కడా ఉండదు. మందు పేరు, తేదీ, కుక్క బరువు, ఫిట్స్ ఎంతసేపు వచ్చాయన్నది, అన్నీ మాటల్లోనే కరిగిపోతాయి. ఈ కథనం ఆ నష్టం గురించి.

మందు ఎందుకు వేస్తున్నాం?

మన ఇళ్లలో కుక్కను పట్టే గోమారి చాలావరకు గోధుమరంగు రకం. పిడుదు అన్నా అదే. చెవి లోపల, వేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద దొరుకుతుంది. రక్తం తాగి శనగగింజలా ఉబ్బిన ఆడది కుక్క మీంచి రాలి, గోడ పగుళ్లలోకి చేరి వేల గుడ్లు పెడుతుంది. ఈ పురుగు జీవితంలో ఎక్కువ భాగం కుక్క మీద కాదు, మన ఇంట్లోనే గడుస్తుంది. చలికాలం అంతగా లేని మన ఊళ్లలో ఏడాది పొడవునా దానికి ఎదురు ఉండదు.

అది రక్తం తాగి ఊరుకుంటే ఇంత భయం అక్కర్లేదు. టిక్ ఫీవర్ అని అందరం అనే జబ్బుల్లో ముఖ్యమైనది ఎర్లీకియా. 1935లో అల్జీరియాలో మొదటిసారి గుర్తించిన ఈ సూక్ష్మజీవి కుక్క తెల్లకణాల్లో చేరి కూర్చుంటుంది. ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ముక్కులోంచి రక్తం కారుతుంది. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైన్యం వెంట వెళ్లిన కుక్కలు ఈ జబ్బుతోనే వందల్లో చనిపోయాయి. దీనికి తోడు ఎర్రకణాలను పగలగొట్టే బబీసియా ఉంది, గోమారిని నమిలి మింగితే వచ్చే హెపటోజూన్ ఉంది. డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు వాడించి కుక్కను బతికించుకున్న ఇళ్లు మన నగరాల్లో ప్రతి వీధిలో ఉంటాయి. బతికించుకోలేని ఇళ్లూ ఉంటాయి. కాబట్టి "మందే మానేద్దాం" అన్నది తేలిగ్గా ఇచ్చే సలహా కాదు.

కొత్త మాత్రల కుటుంబం

కొన్నేళ్ల క్రితం దాకా గోమార్లకు మెడ వెనక పోసే చుక్కలు, స్ప్రేలు, పౌడర్లు, పట్టీలు, స్నానం మందులు ఉండేవి. ఐసాక్సజోలిన్ అనే కుటుంబం మాత్రలు వచ్చాక పద్ధతి మారిపోయింది. అమెరికాలో నెక్స్‌గార్డ్‌కు 2013లో, బ్రావెక్టోకు 2014లో, సింపారికాకు 2016లో, క్రెడెలియోకు 2018లో అనుమతులు వచ్చాయి. ఈ మాత్ర మాంసం రుచితో ఉంటుంది కనుక కుక్క అడిగి మరీ తింటుంది. కొన్ని నెలకోసారి, బ్రావెక్టో దాదాపు 12 వారాలకోసారి. కుక్క రక్తంలో మందు తిరుగుతూ ఉంటుంది, కరిచిన గోమారి ఆ రక్తంతోనే చస్తుంది. మొదటి మూడూ మన పెట్ షాపుల్లోనూ దొరుకుతున్నాయి.

పురుగు నరాల్లో ఉద్రేకాన్ని అదుపుచేసే బ్రేకు లాంటి ఏర్పాటు ఒకటి ఉంటుంది. గాబా అనే రసాయనం తగిలితే తెరుచుకునే క్లోరైడ్ ద్వారాలవి. ఈ మందు వాటిని మూసేస్తుంది. నరాలు అదుపు తప్పి, పురుగు వణికి, చచ్చుబడి, చస్తుంది. అవే తరహా ద్వారాలు కుక్క మెదడులోనూ ఉన్నాయి. అయితే వాటి నిర్మాణం వేరు కావడంతో మందు వాటికి చాలా తక్కువగా అంటుకుంటుంది. ఆ తేడా మీదే ఈ మందుల భద్రత మొత్తం ఆధారపడింది. ఎక్కువ కుక్కల్లో ఆ తేడా సరిపోతోంది. కొన్నిటిలో సరిపోవడం లేదేమో అన్నదే ప్రశ్న.

2018 సెప్టెంబరులో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ బహిరంగ హెచ్చరిక ఇచ్చింది. ఈ కుటుంబం మందులు వేసిన కొన్ని కుక్కల్లో, పిల్లుల్లో కండరాల వణుకు, తూలడం, మూర్ఛలు కనిపించాయని, గతంలో ఎప్పుడూ ఫిట్స్ రాని జంతువుల్లోనూ రావచ్చని చెప్పి, ఆ మాట లేబుళ్ల మీద పెట్టించింది. అదే ప్రకటనలో ఈ మందులు ఎక్కువ జంతువులకు సురక్షితమేనని, పనిచేస్తాయని కూడా చెప్పింది. రెండు వాక్యాలూ కలిపి చదవాలి. మన దగ్గర భయపడినవాళ్లు మొదటిదే చదివారు, ధైర్యం చెప్పినవాళ్లు రెండోదే చదివారు.

224 కుక్కలు చెప్పలేనిది

మందు అమ్మకానికి రాకముందే పరీక్షలు జరుగుతాయి కదా, అప్పుడే ఎందుకు తెలియలేదు? చాలామంది అడిగే ఈ ప్రశ్నకు జవాబు లెక్కలో ఉంది.

బ్రావెక్టో అమెరికా లేబుల్ మీద ఒక క్షేత్రపరీక్ష వివరాలు ఉంటాయి. ఆ మందు పడిన కుక్కలు 224. పోల్చి చూడటానికి మరో మందు వేసిన కుక్కలు 70. ఇప్పుడు పదివేల కుక్కల్లో ఒకదానికి మాత్రమే వచ్చే చెడు ఫలితం ఒకటుందనుకోండి. 224 కుక్కల్లో అది ఒక్కసారైనా కనిపించే అవకాశం నూటికి రెండుకు కాస్త ఎక్కువ, అంతే. నూటికి తొంభై అయిదు పాళ్లు నమ్మకంగా ఒక్కసారైనా చూడాలంటే దాదాపు 30 వేల కుక్కలకు మందు వేసి కనిపెట్టుకుని కూర్చోవాలి. అంత పెద్ద పరీక్ష ఎవరూ చేయరు, చేయలేరు. అంటే అరుదైన చెడు ఫలితానికి అసలు పరీక్ష మందు బజారులోకి వచ్చాకే మొదలవుతుంది. అది జరిగేది మన ఇళ్లలో, మన కుక్కల మీద. ఫలితాలు రాయాల్సినవాళ్లం మనమూ, మన డాక్టర్లూ. ఐరోపాలో ఈ తరగతి మందుల కరపత్రాల్లో మూర్ఛలను "చాలా అరుదు" అన్న వర్గంలో చేర్చారు. పదివేల జంతువుల్లో ఒకదాని కంటే తక్కువ అని దానర్థం. ఆ లెక్క కూడా వచ్చిన ఫిర్యాదుల నుంచే కట్టారు. ఎవరూ చెప్పని కేసులు అందులో లేవు.

అదే లేబుల్‌లో ఇంకో విషయం ఉంది. బ్రావెక్టో వేసిన కుక్కల్లో వాంతులైనవి నూటికి 7.1. పోల్చడానికి పెట్టుకున్న గుంపులో 14.3. కుక్కలకు వాంతులు కావడానికి మాత్రే కారణం కానక్కర్లేదు. గడ్డి తింటాయి, చెత్తబుట్టలో తల పెడతాయి, కారు ఎక్కినా కక్కుతాయి. మాత్ర పడ్డాక జరిగిందీ, మాత్ర వల్ల జరిగిందీ వేరు. పక్కన మరో గుంపును పెట్టుకుని చూడకపోతే ఈ తేడా ఎవరికీ కనపడదు.

ఫిట్స్ సంగతీ ఇంతే కష్టం. ఏ మందూ పడకుండానే కుక్కల్లో మూర్ఛరోగం ఉంది. బ్రిటన్ ఆసుపత్రుల రికార్డుల్లో అది వేయి కుక్కలకు సుమారు ఆరింటిలో కనిపించింది. కారణం తెలియని రకం సాధారణంగా ఆరు నెలల నుంచి ఆరేళ్ల వయసులో మొదలవుతుంది. మనం శ్రద్ధగా గోమార్ల మాత్రలు వేసే వయసూ అదే. 12 వారాలు పనిచేసే మాత్రను ఏడాదంతా క్రమం తప్పకుండా వేస్తే, ఆ కుక్కకు ఏ రోజు ఫిట్స్ వచ్చినా అది "మాత్ర పడ్డాక" వచ్చినట్టే లెక్కకొస్తుంది.

మన దగ్గర ఇంకో చిక్కుముడి కూడా ఉంది. అమెరికాలో చాలామంది గోమార్లు రాకముందే మాత్ర వేస్తారు. మనం ఎక్కువమందిమి గోమార్లు ఒంటినిండా పాకాక, కుక్క నీరసపడ్డాక దుకాణానికి వెళతాం. అప్పటికే ఎర్లీకియానో బబీసియానో రక్తంలో ఉండవచ్చు. ముదిరిన ఈ జబ్బులు మెదడునూ తాకి వణుకు, తూలడం, ఫిట్స్ తెప్పించగలవు. టీకాలు సరిగా పడని కుక్కపిల్లల్లో డిస్టెంపర్ ఉంటే అదీ ఫిట్స్ తెస్తుంది. జబ్బుకు భయపడి మాత్ర వేస్తాం, మర్నాడు జబ్బు బయటపడుతుంది, నింద మాత్ర మీద పడుతుంది. కొన్నిసార్లు ఇదే తలకిందులై, మాత్ర చేసిన పని టిక్ ఫీవర్ ఖాతాలోకి వెళ్లిపోతుంది. మాత్ర వేసేముందే రక్తపరీక్ష చేయించిన కుక్క విషయంలో మాత్రమే ఈ రెంటినీ విడదీసి చూడగలం.

2018లో అమెరికాలో యజమానులు, పశువైద్యులు పాల్గొన్న ఒక సర్వే ఫలితాలను 2020లో ఒక పశువైద్య పత్రిక ప్రచురించింది. జవాబిచ్చినవాళ్లు 2,751 మంది. ఏదో ఒక మందు వాడినవాళ్లలో నూటికి 66 మంది చెడు ఫలితం చూశామన్నారు. ఈ అంకె ప్రపంచమంతా తిరిగింది. కుక్కకు ఏమీ కానివాళ్లకు ఇలాంటి సర్వే నింపాలన్న తొందర ఉండదు, అయినవాళ్లకు ఉంటుంది. కాబట్టి వేసిన ప్రతి వందలో 66 కుక్కలకు ప్రమాదమని దాన్నుంచి తేల్చడం తప్పు. అంతమంది పూనుకుని చెప్పిన మాటను పక్కన పారేయడం కూడా తప్పే.

అనుమానాలు పోగైతే ఏమవుతుంది?

గజ్జికి, గోమార్లకు మన దగ్గర విరివిగా వాడే ఐవర్‌మెక్టిన్ కథ ఇక్కడ చెప్పాలి. 1980ల్లో ఆ మందు పడ్డ కోలీ జాతి కుక్కలు కొన్ని మత్తుగా పడిపోవడం, చూపు పోవడం, కోమాలోకి వెళ్లడం పశువైద్యులు గమనించారు. మిగతా జాతులు అదే మోతాదును తట్టుకుంటున్నాయి. ఒక్కొక్క డాక్టరు చూసింది ఒకటో రెండో కుక్కలను. అయినా రాశారు, ఒకరికొకరు చెప్పుకున్నారు. అన్నీ ఒకచోట చేరేసరికి జాతి పేరు బయటపడింది. 2001లో వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో కత్రీనా మీలీ బృందం కారణం కనిపెట్టింది. ఎండీఆర్1 అనే జన్యువులో నాలుగు అక్షరాలు లేకపోవడమే ఆ లోపం. మెదడులోకి చేరిన మందును తిరిగి బయటికి నెట్టే ప్రోటీన్ ఆ కుక్కల్లో తయారు కాదు. అమెరికా కోలీల్లో నాలుగింటికి దాదాపు మూడింటిలో ఈ లోపం ఉంది. ఇప్పుడు నోట్లో ఒక బ్రష్ తిప్పి పరీక్ష చేస్తారు, ముందే తెలుస్తుంది. అప్పట్లో "ఎన్ని కుక్కలకు వేశాం, దేనికీ ఏమీ కాలేదు" అని ఆ డాక్టర్లంతా ఊరుకుని ఉంటే ఆ పరీక్ష వచ్చేది కాదు.

మరో ఉదాహరణ మెడ వెనక పోసే చుక్కలది. 2008లో ఆ మందుల మీద అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏకు 44 వేలకు పైగా ఫిర్యాదులు అందాయి. ఎక్కువ చిన్నవే, చర్మం ఎర్రబడటం లాంటివి. చావులూ ఉన్నాయి. అన్నీ పేర్చి చూస్తే పెద్ద కుక్కల కంటే చిన్న కుక్కలకే ఎక్కువ ఇబ్బంది అని, కుక్కల మందు పిల్లులకు పోయడం వల్ల చాలా ప్రమాదాలని తేలింది. పర్మెత్రిన్‌ను పిల్లి కాలేయం విరగ్గొట్టలేదు, అది పిల్లికి ప్రాణాంతకం. 2010లో ఆ సంస్థ బరువుల వర్గాలు ఇరుకు చేయాలని, లేబుళ్లు స్పష్టంగా ఉండాలని చెప్పింది.

అరకొరగా రాస్తే ఏమవుతుందో కూడా చూశాం. సెరెస్టో అనే మెడపట్టీ మీద 75 వేలకు పైగా ఫిర్యాదులు, దాదాపు 1,700 చావులు నమోదయ్యాయని 2021లో అమెరికా పత్రికలు బయటపెట్టాయి. దేశం అదిరింది. ఈపీఏ కూర్చుని ఒక్కొక్కటీ చదివితే, చావుల్లో చాలావాటిలో కుక్క వయసు, జబ్బులు, పట్టీ ఎప్పుడు కట్టారన్న వివరాలే లేవు. పట్టీతో గట్టి సంబంధం కనిపించిన కొద్దిపాటి చావుల్లోనూ ఎక్కువ భాగం మందు వల్ల కాక పట్టీ చిక్కుకుని ఊపిరాడక జరిగినవి. 2023లో ఈపీఏ అయిదేళ్ల పరిమితితో అనుమతి కొనసాగించి, చావు జరిగినప్పుడు పూర్తి వివరాలు సేకరించాలని కంపెనీకి షరతు పెట్టింది. బాధతో నాలుగు ముక్కలు రాసి వదిలేస్తే ఆ కుక్కకు న్యాయం జరగదు.

మన పెరట్లో

ఖరీదైన మాత్రల గురించి ఇంత చెప్పాక, వాటికంటే పెద్ద ప్రమాదం ఇంకోచోట ఉందని నా అభిప్రాయం. మన ఊళ్లలో లెక్కలేనన్ని కుక్కలకు గోమార్ల మందు పశువుల మందుల షాపు నుంచి వస్తుంది. గేదెలకు, గొర్రెలకు చల్లే డెల్టామెత్రిన్, అమిత్రాజ్ సీసాలు. లీటరు నీళ్లకు ఇన్ని మిల్లీలీటర్లని కలపాల్సింది మూతతో అంచనాగా కలుపుతారు. గాయాలున్న చర్మం మీద రుద్దుతారు. తడి ఆరకముందే కుక్క ఒళ్లంతా నాక్కుంటుంది. కిరోసిన్, ఫినాయిలు రుద్దేవాళ్లు ఇంకా ఉన్నారు. పెద్ద కుక్కకని కొన్న మాత్రను ముక్కలు చేసి మూడు కుక్కలకు పంచడమూ ఉంది. దాంతో ఒకదానికి ఎక్కువై, ఇంకోదానికి చాలకపోవచ్చు. ఖరీదు చూసి చేసే పని ఇది, నేనెవరినీ తప్పుపట్టను. అయితే ఆ కుక్కకు ఏమైనా అయితే ఆసుపత్రికి పరిగెత్తేటప్పుడు సీసా ఇంట్లోనే ఉండిపోతుంది.

ఆ సీసా వెంట ఉంటే ప్రాణం నిలవచ్చు. అమిత్రాజ్ ఎక్కువైన కుక్క మత్తుగా ఉంటుంది, గుండె నెమ్మదిస్తుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది. దానికి విరుగుడు మందు ఉంది. డెల్టామెత్రిన్, పర్మెత్రిన్ వర్గానికి అలాంటి విరుగుడు లేదు. వణుకు తగ్గించే మందులిచ్చి, ఒంటి మీది మందు కడిగి కాపాడుకోవాలి. పైన పోసిన మందైతే ఇంట్లోనే గిన్నెలు తోమే సబ్బునీళ్లతో కడిగి, తుడిచి, వెచ్చగా చుట్టి బయల్దేరవచ్చు. మింగిన మాత్రకు ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నం వద్దు. ఫిట్స్ వస్తుంటే నోట్లో చెయ్యి, చెంచా పెట్టకండి, తాళం చెవుల గుత్తి పట్టించకండి. చుట్టూ ఉన్న వస్తువులు జరిపి, గడియారం చూడండి, వీలైతే ఫోన్‌లో వీడియో తీయండి. అయిదు నిమిషాలు దాటితే ఆలస్యం చేయొద్దు. కొత్త మాత్రలు ఒంట్లో వారాల తరబడి ఉంటాయి, తీసేయడం కుదరదు. అందుకే గతంలో ఎప్పుడైనా ఫిట్స్ వచ్చిన కుక్కకు మాత్ర వేసేముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. ఆయన అడగకపోయినా మీరు చెప్పండి. అలాంటి కుక్కకు ఫిప్రోనిల్ లాంటి వేరే వర్గం మందు, రోజూ చేత్తో వెతికి పట్టుకారుతో తీయడం, గోడ పగుళ్లు పూడ్చడం, పడకలు వేడినీళ్లలో ఉతకడం వంటి దారుల గురించి డాక్టరుతో మాట్లాడుకోవచ్చు.

మనుషుల మందుల చెడు ఫలితాలు నమోదు చేయడానికి మన దేశంలో 2010 నుంచి ఒక కార్యక్రమం నడుస్తోంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని చూస్తుంది, ఫారాలున్నాయి, ఆసుపత్రుల్లో కేంద్రాలున్నాయి. కుక్క యజమానికి అంత సులువుగా తెలిసిన తలుపు ఏదీ లేదు. పశువుల మందుల విషయంలో ఈ దేశం ఒకసారి భారీ మూల్యం చెల్లించింది. డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిన్న రాబందులు కోట్లలో చనిపోయాక, పశువులకు ఆ మందు వాడకాన్ని 2006లో నిషేధించారు.

కుక్కల విషయంలో తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు విశ్వవిద్యాలయం తలచుకుంటే ఇలాంటి నమోదును మొదలుపెట్టవచ్చు. వాటి కళాశాలల ఆసుపత్రులకు రోజూ కుక్కలు వస్తాయి. నారాయణగూడ సూపర్ స్పెషాలిటీ పశువైద్య ఆసుపత్రికీ వస్తాయి. ఒక్క పేజీ తెలుగు ఫారం చాలు. మందు పేరు, బ్యాచ్ నంబరు, కొన్న చోటు, వేసిన తేదీ, గంట. ఆ రోజు తూకం వేసిన బరువు, అంచనా బరువు కాదు. జాతి, వయసు, గతంలో ఫిట్స్ వచ్చాయా, మందు ముందు రక్తపరీక్షలో టిక్ ఫీవర్ ఉందా, అదే వారంలో ఇంకే మందులు పడ్డాయి. ఏం కనిపించింది, ఎన్ని గంటలకు మొదలైంది, ఎంతసేపు ఉంది, ఎలా తగ్గింది, తర్వాత అదే మందు మళ్లీ వేస్తే ఏమైంది. ఐరోపాలో ఇలాంటి వివరాలతోనే ప్రతి కేసునూ "బహుశా మందు వల్లే", "కావచ్చు", "చెప్పలేం", "కాకపోవచ్చు" అన్న నాలుగు గడుల్లో ఒకదాంట్లో పెడుతూ వచ్చారు. ఏ గడిలోకి వెళుతుందో యజమాని తేల్చనక్కర్లేదు. అనుమానం ఉన్నప్పుడే రాయాలన్నది అక్కడి నియమం.

అలాంటి ఫారం వచ్చేదాకా మాత్ర పెట్టె పారేయకండి. మందు వేసిన రోజు ఆ పెట్టె మీదే తేదీ, బరువు రాసి ఫోటో తీసుకోండి. ఏదైనా జరిగితే డాక్టరుకు చూపించి, మీ కుక్క కేసుషీటులో "గోమార్ల మందు వేసిన ఇన్ని గంటలకు" అని రాయమని అడగండి. పెట్టె మీద ఉండే కంపెనీ నంబరుకు ఫోన్ చేసి వివరమంతా చెప్పి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. డాక్టరు "మాత్ర వల్ల అయ్యుండదు" అన్నా సరే రాయమనండి. ఆయన మాట నిజమే అయినా, ఆ కేసు లెక్కలో ఉండాల్సిందే.